అంబాసిడర్ నీలం పొగ వదులుతోందా? ఇంజన్ దించే ముందు చేయాల్సినవి, దించాక చేయాల్సినవి

పొద్దున్నే మీ అంబాసిడర్ స్టార్ట్ చేస్తే, మున్సిపాలిటీ దోమల పొగ బండి వచ్చిందని వీధిలో పిల్లలు వెంటపడుతున్నారా? ఎదురింటావిడ ఆరేసిన బట్టలు గబగబా లోపలికి పట్టుకెళ్తోందా? అయితే మీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, "ఇంజన్ బోరుకొచ్చిందండీ, దించాల్సిందే" అని. అంటే సిలిండర్ గోడలు అరిగాయి, వాటిని కోయించి కాస్త పెద్దవి చేసి, ఆ సైజు పిస్టన్లు వేయాలని.

నాకూ అలాగే చెప్పారు. మా నాన్నగారు వాడిన 1984 బండి అది. మెకానిక్ మాట విని ఇంజన్ దింపించి, బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించాను. నెల తిరక్కుండా పొద్దుటి పొగ మళ్లీ మొదలైంది. ఆఖరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు లేత్ మేస్త్రి హెడ్డు (సిలిండర్ల మీది బరువైన మూత, వాల్వులు ఉండేది ఇందులోనే) విప్పించి చూసి, వాల్వు కాడ నుంచి ఒక చిన్న నల్లటి రబ్బరు రింగు తీసి నా అరచేతిలో పెట్టాడు. వేలితో నొక్కితే పెంకులా పుటుక్కున విరిగింది. మిగతా వాల్వుల్లో రెండింటికి అసలు రింగులే లేవు. బోరు చేసినప్పుడు హెడ్డు కడిగి, తుడిచి, అలాగే తిరిగి పెట్టేశారన్నమాట. బోరుకు పెట్టిన డబ్బులో పదో వంతు కూడా కాలేదు అసలు రోగం కుదర్చడానికి.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయిల్ ఏ దారిన పైకి వస్తోందో తేలేదాకా ఇంజన్ మీద పానా పెట్టనివ్వకండి. తేల్చుకోవడానికి ఒక ఆదివారం చాలు.

ఇక్కడ చెప్పేదంతా పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారైన అంబాసిడర్లలో ఎక్కువ కాలం వచ్చింది ఇదే. ఇంగ్లండ్ బీఎంసీ కంపెనీ బీ సిరీస్ ఇంజన్ ఇది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ, ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే కుటుంబం ఇంజన్ ఉండేది. కాబట్టి ఆ కార్ల వర్క్‌షాప్ మాన్యువల్ దొరికితే మనకు చాలావరకు పనికొస్తుంది. డీజిల్ బండికి, తర్వాత వచ్చిన 1.8 ఇసుజు ఇంజన్‌కి ఈ కొలతలు పనికిరావు. ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లు పరీక్షల వరకు ఇలాగే చేసుకోవచ్చు, కొలతలు మాత్రం దాని మాన్యువల్‌లోవే తీసుకోవాలి.

పొగ రంగు, పొగ వేళ

ముందు అది ఆయిల్ పొగేనా అని చూడండి. నల్లటి పొగ అయితే పెట్రోల్ ఎక్కువ తాగుతోందని అర్థం. చోక్ ఇరుక్కోవడమో, కార్బురేటర్‌లో ఫ్లోట్ సరిగ్గా లేకపోవడమో కారణం. తెల్లగా, ఆవిరిలా వచ్చి, బండి వేడెక్కినా ఆగకపోతే, పైగా రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే, అది హెడ్ గ్యాస్కెట్ సంగతి, అంటే హెడ్డు కింద వేసే అట్ట. చలికాలం పొద్దున రెండు నిమిషాలు వచ్చి పోయే తెల్ల ఆవిరికి కంగారు పడక్కర్లేదు. ఆయిల్ పొగ నీలంగా, కొంచెం బూడిద రంగు కలిసి ఉంటుంది. ఎండకు ఎదురుగా నిలబడి చూస్తే ఆ నీలం బాగా తెలుస్తుంది. పోపు మాడినట్టు ఘాటు వాసన. సైలెన్సర్ గొట్టం చివర తెల్ల కాగితం ముక్క పట్టుకోండి. పొడి మసి అంటితే పెట్రోల్, జిడ్డు చుక్కలు పడితే ఆయిల్.

రంగు కంటే ముఖ్యం వేళ. పొగ ఎప్పుడు వస్తుందన్నదే సగం రోగాన్ని చెప్పేస్తుంది. ఇద్దరు కావాలి: ఒకరు నడపాలి, ఇంకొకరు వెనక బైకు మీద చూస్తూ రావాలి.

రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి గుప్పుమని వచ్చి, తర్వాత ఆగిపోతే వాల్వు గైడ్ల మీద, అంటే వాల్వు కాడ పైకీ కిందికీ ఆడే గొట్టాల మీద, అనుమానం పెట్టుకోండి. రాత్రి పైన మిగిలిన ఆయిల్ గైడ్ల సందుల్లోంచి మెల్లగా కిందికి దిగి ఉంటుంది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, పచ్చ లైటు పడగానే యాక్సిలరేటర్ తొక్కితే వెనకాల మబ్బు కమ్మినా అంతే.

అన్నిటికంటే నిక్కచ్చి పరీక్ష ఘాట్ రోడ్డు. తిరుమల కొండ దిగుతున్నామనుకోండి. గేరులో ఉంచి కాలు తీసేసి దిగుతాం. త్రాటిల్ మూసుకుని ఉంటుంది కాబట్టి ఇన్లెట్ మానిఫోల్డ్‌లో, అంటే గాలీ పెట్రోలూ సిలిండర్లలోకి వెళ్లే గొట్టంలో, పీల్పు విపరీతంగా ఉంటుంది. ఆ పీల్పుకి ఇన్లెట్ వాల్వు గైడ్లలోంచి ఆయిల్ లోపలికి దిగుతుంది. కింద చదును వచ్చి యాక్సిలరేటర్ నొక్కగానే అంతా ఒక్కసారి కాలి నీలం మబ్బు లేస్తుంది. ఇలా జరిగితే గైడ్లూ, వాటి రబ్బరు రింగులూ పోయినట్టే అనుకోవచ్చు.

దానికి తిరగేసి, అరకు ఘాట్ ఎక్కుతున్నప్పుడు, లోడు మీద ఉన్నంతసేపూ పొగ ఆగకుండా వస్తూ, దిగేటప్పుడు తగ్గితే పిస్టన్ రింగులూ (పిస్టన్ చుట్టూ ఉండే ఇనుప రింగులు, వాల్వు రబ్బరు రింగులు కాదు) బోరూ చూడాల్సిందే. రెండు వేళలా వస్తే రెండూ అరిగి ఉండొచ్చు. లక్ష కిలోమీటర్లు దాటి, హెడ్డు ఎప్పుడూ విప్పని బండిలో అది మామూలే.

పైసా ఖర్చు లేనివి ముందు

డిప్‌స్టిక్ తీసి చూడండి. బండి చదునుగా నిలబెట్టి, ఇంజన్ ఆపిన పది నిమిషాల తర్వాత. ఆయిల్ పై గీత దాటి ఉంటే, తిరిగే క్రాంక్ దాన్ని చిలికి సిలిండర్ల గోడల మీదికి విసురుతుంది, రింగులు అంత ఆయిల్‌ని గీకి దించలేవు. "పొగొస్తోంది, ఆయిల్ తాగుతోంది" అని భయపడి ఎక్కువ పోసి, అందువల్లే ఇంకా పొగ తెచ్చుకున్నవాళ్లను చూశాను.

తర్వాత ఇంజన్ ఊపిరి గొట్టం. పిస్టన్ల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికి ఇంజన్ పక్క మూత దగ్గర్నుంచి ఒక గొట్టం కిందికి దిగుతుంది. పైన రాకర్ కవర్ (ఇంజన్ పై రేకు మూత) నుంచి ఎయిర్ క్లీనర్‌కి ఇంకో రబ్బరు పైపు. ఏళ్ల తరబడి ముద్దలా పేరుకున్న మురికితో ఈ దారులు మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్ ఎక్కడ సందు దొరికితే అక్కడికి ఎక్కుతుంది. పైపులు విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, గొట్టంలో తీగ తోసి శుభ్రం చేయండి. నోటితో ఊదితే గాలి సులువుగా పోవాలి. ఆయిల్ పోసే మూతలో జల్లెడ ఉంటే అదీ కడగండి.

మీ బండికి ఆయిల్ గిన్నె ఉండే పాత రకం ఎయిర్ క్లీనర్ ఉంటే అందులో ఆయిల్ గీత దాకానే ఉందా? ఎక్కువైతే కార్బురేటర్ దాన్నే పీల్చుకుని నీలం పొగ వదులుతుంది, ఇంజన్ తప్పేం ఉండదు. బ్రేకులకు వాక్యూమ్ సర్వో (ఇంజన్ పీల్పుతో బ్రేకుకి బలమిచ్చే డబ్బా) ఉన్న బండ్లలో ఇంకో తమాషా. సర్వో లోపల సీలు పోతే బ్రేక్ ఆయిల్ మానిఫోల్డ్‌లోకి పోయి తెల్లటి పొగ వస్తుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఊరికే తగ్గుతూ, చక్రాల దగ్గర ఎక్కడా తడి లేకపోతే అటువైపు చూడండి. పొగ కంటే బ్రేకులు ముఖ్యం కాబట్టి ఆ పని ఆపకూడదు.

ఆయిల్ రకం సంగతి. ఈ ఇంజన్‌కి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ సరిగ్గా సరిపోతుంది. కొత్త కార్లకు పోసే పల్చటి సింథటిక్ పోస్తే అరిగిన సందుల్లోంచి నీళ్లలా జారిపోతుంది. పొగ తగ్గిస్తామని డబ్బాల్లో అమ్మే చిక్కటి మందుల మీద నాకు నమ్మకం లేదు. బండి అమ్మేవాడికి వారం రోజులు పనికొస్తాయి, కొన్నవాడికి కాదు. పాత అంబాసిడర్ చూడ్డానికి వెళ్తే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. మీరొచ్చేసరికే వేడిగా ఉంటే "రేపు పొద్దున వస్తానండీ" అని చెప్పి వచ్చేయండి.

ఇవన్నీ సరిచేసి, ఆయిల్ ఎంత తాగుతోందో లెక్కపెట్టండి. పై గీత దాకా పోసి, మీటర్ రీడింగ్ రాసుకుని, ఎన్ని కిలోమీటర్లకు లీటరు పోయాల్సి వచ్చిందో చూడాలి. కింద నేలమీద చుక్కలు పడుతున్నాయేమో కూడా గమనించండి. ఈ ఇంజన్‌కి వెనక క్రాంక్ దగ్గర మామూలు రబ్బరు సీలు ఉండదు, ఆయిల్‌ని వెనక్కి తిప్పే మరలాంటి గాడి మాత్రమే, కాబట్టి కాస్త కారడం దీని పుట్టుక లక్షణం. కారిన ఆయిల్ కాలిన ఆయిల్ కాదు. నా లెక్కలో వెయ్యి కిలోమీటర్లకు లీటరు లోపు అయితే ఇంత పాత ఇంజన్‌ని కదపక్కర్లేదు. ఐదొందలకే లీటరు అయిపోతుంటే ముందుకు వెళ్దాం.

ప్లగ్గులు, కంప్రెషన్

నాలుగు ప్లగ్గులూ విప్పి, వరస తప్పకుండా ఒక అట్టముక్క మీద పెట్టండి. పొడి నలుపు పెట్రోల్ మసి. తడిగా, మెరుస్తూ, వేలికి జిడ్డు అంటితే ఆయిల్. ఇక్కడ ఈ ఇంజన్ విచిత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. దీనికి ఇన్లెట్ దారులు రెండే: ఒకటి, రెండు సిలిండర్లకు ఒకటి, మూడు, నాలుగుకు ఇంకొకటి. అందువల్ల ఒక ఇన్లెట్ గైడు కారినా పక్క సిలిండర్ ప్లగ్గు కూడా తడిసి కనిపించవచ్చు. రెండు ప్లగ్గులు తడిసాయి కదా అని రెండు పిస్టన్లూ పోయాయనుకోకండి.

ఇప్పుడు కంప్రెషన్. గేజ్ లేకపోతే ఏ మెకానిక్ దగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చు. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, ప్లగ్గులన్నీ విప్పేసి ఉండాలి, కాయిల్ వైరు తీసేయాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, ఒక్కో సిలిండర్‌కి ఐదారు దెబ్బలు తిరిగేలా సెల్ఫ్ కొట్టి, రీడింగ్ రాసుకోండి. అంకె ఎంతన్నది కాదు, నాలుగూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే చూడాలి. పది, పదిహేను శాతం తేడా పర్వాలేదు.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రంలోంచి ఒక టీ చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, మళ్లీ గేజ్ పెట్టండి. రీడింగ్ గబుక్కున పెరిగితే లోపం రింగుల దగ్గరే, ఎందుకంటే ఆ చెంచాడు ఆయిల్ రింగుల సందుని కాసేపు మూసింది. కదలకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. గైడ్లు అరిగి ఆయిల్ కారుతున్నా వాల్వు కూర్చునే చోటు బాగుంటే కంప్రెషన్ చక్కగానే వస్తుంది. కాబట్టి నాలుగూ బాగా వచ్చి, పొద్దున మాత్రం పొగ వస్తుంటే ఆ కేసు హెడ్డుదే, కింద బోరుది కాదు. నా బండికి ఈ పరీక్ష ముందే చేసి ఉంటే ఇంజన్ దిగేదే కాదు.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడడం కూడా మంచిదే. అరచెయ్యి పైన పెడితే కొంచెం గాలి తగలడం సహజం. రైలింజన్‌లా బుస్ బుస్‌మని పొగ కొడుతుంటే రింగుల పక్కనుంచి గ్యాస్ బాగా దిగుతోంది.

ఏళ్ల తరబడి పెరట్లో చింతచెట్టు కింద నిలిచిపోయి మళ్లీ లేచిన బండి అయితే కథ వేరు. రింగులు అరగకపోయినా కార్బన్‌తో పిస్టన్ గాడుల్లో అతుక్కుపోయి ఉంటాయి. దీనికి ముందు చవక వైద్యం చేసి చూడండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల కిరోసిన్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి పోసి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాత ప్లగ్గులు పెట్టకుండానే, పైన పాత గుడ్డ కప్పి ఇంజన్ తిప్పాలి. ప్లగ్గులు బిగించి తిప్పితే లోపలి ద్రవం నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. తర్వాత ఆయిల్ మొత్తం మార్చి, రెండు మూడొందల కిలోమీటర్లు హైవే మీద నడపండి. కొన్ని బండ్లకు ఇంతటితో పొగ పోతుంది. మొదటి రోజు మాత్రం దడి కాలినట్టే ఉంటుంది, టెన్షన్ పడకండి.

హెడ్డు దించడం

బ్యాటరీ తీసేయండి, రేడియేటర్ నీళ్లు దించేయండి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. రాకర్ షాఫ్ట్‌ని (వాల్వుల్ని నొక్కే రాకర్ మీటలు ఉండే కడ్డీ) పట్టుకుని ఉండే నట్లలో నాలుగు, హెడ్డుని పట్టుకునే నట్లు కూడా. నీళ్లు దించకుండా రాకర్ మాత్రమే విప్పుదామని వాటిని వదులు చేస్తే హెడ్డు ఒకవైపే బిగుతుగా ఉండి వంపు తిరగొచ్చు, నీళ్లు సిలిండర్లలోకి దిగొచ్చు. అందుకే ముందు నీళ్లు, తర్వాత హెడ్డు నట్లన్నీ వరసగా కొంచెం కొంచెం వదులు చేయడం, ఆ తర్వాతే రాకర్.

రాకర్లని కింది నుంచి తోసే పుష్ రాడ్లు ఎనిమిదీ తీసేటప్పుడు ఒక్కోదాన్ని కొంచెం తిప్పి, దాని అడుగున ఉండే ట్యాపెట్ నుంచి విడిపడ్డాక పైకి లాగండి. లేకపోతే ఆయిల్ పట్టుకి ట్యాపెట్ కూడా వెంట లేస్తుంది. చెప్పుల పెట్టె మూతకు ఎనిమిది కన్నాలు పొడిచి, ముందు నుంచి వెనక్కి నంబర్లు రాసి, అందులో గుచ్చి ఉంచండి. ఏది ఎక్కడ అరిగిందో మళ్లీ అక్కడికే వెళ్లాలి. కార్బురేటర్, మానిఫోల్డులు విప్పాక హెడ్డుని ఇద్దరు పట్టుకుని ఎత్తండి, అచ్చం పోత ఇనుము, బరువు బాగా ఉంటుంది. అతుక్కుపోతే మధ్యలో స్క్రూ డ్రైవర్ పెట్టి పెకలించొద్దు, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో పక్కల తట్టండి. పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, గీకేటప్పుడు నీళ్లతో తడిపి గీకండి, దుమ్ము ఊదొద్దు.

వాల్వులు, గైడ్లు, ఆ చిన్న రబ్బరు రింగులు

ముందు నుంచి లెక్కపెడితే రెండు, మూడు, ఆరు, ఏడు నంబర్లు ఇన్లెట్ వాల్వులు, మిగతావి ఎగ్జాస్టువి. మీ అనుమానం మొదట ఇన్లెట్ మీద ఉండాలి, పీల్పు అంతా అక్కడే కాబట్టి. వాల్వు వెనక భాగం చూడండి. కాడ దగ్గర తారులాంటి నల్లటి ముద్ద, తాటి బెల్లం అంటుకున్నట్టు మందంగా పేరుకుని ఉంటే ఆయిల్ అక్కడినుంచే దిగుతోంది.

స్ప్రింగు తీసి, వాల్వుని సీటు నుంచి అర అంగుళం పైకి లేపి, తలకాయ పట్టుకుని పక్కలకు ఊపండి. మంచి గైడులో ఊగీ ఊగనట్టు ఉంటుంది. టకటకా కొట్టుకుంటే గైడు మార్చాలి. కొత్త గైడు దించాక లేత్‌లో రీమర్‌తో వాల్వు కాడకి తగ్గట్టు సరిచేసి, సీటు మళ్లీ కట్ చేయించాలి. గైడు మారితే వాల్వు మధ్యస్థానం కాస్త జరుగుతుంది. సీటు కట్ చేయకుండా గ్రైండింగ్ పేస్ట్ ఒక్కటే రుద్దితే వాల్వు ఒకవైపే కూర్చుంటుంది. రాకర్ షాఫ్టు, రాకర్ బుష్‌లు కూడా వేలితో ఊపి చూడండి. అవి బాగా అరిగితే పైన ఆయిల్ వానలా కురిసి, కొత్త గైడ్లని కూడా ముంచేస్తుంది. చాలామంది వదిలేసేది ఇదే.

ఇక మా మేస్త్రి అరచేతిలో పెట్టిన ఆ రింగు. వాల్వు కాడ మీద, లాకులు (స్ప్రింగు పై కప్పుని కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కలు) కూర్చునే గాడికి కాస్త కింద, సన్నటి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. కాడ వెంట ఆయిల్ జారకుండా ఆపే పని దానిదే. ఎప్పుడు విప్పినా కొత్తవే వేయాలి, పాతవి తిరిగి వాడకూడదు. వేసే తీరులోనే మర్మం ఉంది. వాల్వు పెట్టండి, స్ప్రింగు పెట్టండి, పైన కప్పు పెట్టండి, స్ప్రింగుని క్లాంపుతో నొక్కండి. అప్పుడు, నొక్కి ఉంచినప్పుడే, ఆయిల్‌లో ముంచిన రింగుని కాడ మీదుగా దించి గాడి కింద కూర్చోబెట్టండి. మెలి తిరక్కుండా చదునుగా ఉందో లేదో కన్ను పెట్టి చూసి, ఆ తర్వాత లాకులు వేసి క్లాంపు వదలండి. రింగు ముందే కాడకి తొడిగి పైన కప్పు నొక్కితే, కప్పు అంచు దాన్ని కోసేస్తుంది, మీకు కనపడదు కూడా. అలా తెగిన రింగులతోనే ఎన్నో బండ్లు "కొత్త సీళ్లు వేశాం సార్" అనిపించుకుని బయటికొస్తాయి.

రింగుల పరీక్షలు బాగా వచ్చిన బండి అయితే మీ పని ఇక్కడితో అయిపోయింది. కొత్త హెడ్ గ్యాస్కెట్, అదీ గుర్తులు చూసి, ఏది ముందు, ఏది పైన అని సరిగ్గా వేసుకుని, బిగింపు భాగానికి వెళ్లిపోవచ్చు.

రింగులు, బోరు

పరీక్షలు రింగులవైపు చూపిస్తే, హెడ్డు తీశాక సిలిండర్ పై అంచున గోరు పెట్టి చూడండి. రింగులు చేరని చోట మెట్టులా గోరుకు తగిలితే అది అరుగుదలే. ఎంత అరిగిందో బోర్ గేజ్‌తో కొలిపించాలి. అసలు బోరు 73.025 మి.మీ., అంటే 2.875 అంగుళాలు. పైన, మధ్యలో, కింద, అదీ ముందు వెనకలుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి. ఎక్కువ అరిగేది పైన, అడ్డం దిక్కున. అరుగుదల ఎనిమిది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.2 మి.మీ. దగ్గర పడితే కొత్త రింగులతో సరిపెట్టకండి, బోరే దారి. లేత్‌లో కొలత కాగితం మీద రాసిమ్మని అడగండి. "చూస్తేనే తెలుస్తుంది సార్" అంటే ఇంకో లేత్ చూసుకోండి.

అరుగుదల తక్కువుంటే రింగులు మార్చి, సిలిండర్ గోడల నునుపు పోయేలా హోనింగ్ చేయిస్తే చాలు. పైనున్న మెట్టు మాత్రం తీయించాలి. లేకపోతే కొత్త పై రింగు దానికి కొట్టుకుని విరుగుతుంది. బోరు చేయించాల్సి వస్తే ఓవర్ సైజులు 10, 20, 30, 40 థౌ. అవి దాటితే స్లీవ్ వేయించి మళ్లీ స్టాండర్డ్ సైజుకి తెచ్చుకోవచ్చు. పిస్టన్లు ముందు కొని, అవే లేత్‌కి ఇవ్వండి. ఏ పిస్టన్‌కి ఆ సిలిండర్ కొలిచి కోయాలి, తలమీద నంబర్లు వేయాలి.

ఈ ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్డు పెద్ద చివర ఏటవాలుగా కోసి ఉంటుంది కాబట్టి, కింద ఆయిల్ చాంబర్ తీస్తే పిస్టన్, రాడ్డు కలిసి పైనుంచి బయటికి వచ్చేస్తాయి. చిన్న చివర పిస్టన్ పిన్నుని రాడ్డు ఒక బోల్టుతో కరిచి పట్టుకునే రకం. ఆ బోల్టు విప్పినా బిగించినా రాడ్డుని వైస్‌లో పెట్టి బలం పెట్టొద్దు, రాడ్డు మెలి తిరుగుతుంది. పిన్నునే రెండు వైపులా పట్టుకుని తిప్పాలి. లాక్ వాషర్ కొత్తది వేయాలి.

కొత్త రింగు వేసే ముందు దాని సందు కొలవండి. రింగుని సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌ని తలకిందులు చేసి దాంతో నెడితే రింగు తిన్నగా దిగుతుంది. అప్పుడు ఫీలర్ గేజ్‌తో చూస్తే 8 నుంచి 13 థౌ మధ్య ఉండాలి. తక్కువైతే సన్న ఆకురాయితో రెండు చివరలూ సమంగా రాయాలి. ఎక్కువైతే ఆ రింగు ఆ బోరుకి కాదు. రెండు, మూడు రింగులు కొంచెం ఏటవాలు కోతవి. వాటి మీద 'టీ' గుర్తు ఉంటుంది, అది పైకే ఉండాలి. తిరగేసి వేస్తే ఆయిల్‌ని కిందికి గీకాల్సిన రింగు పైకి తోడిపోస్తుంది. కొత్త ఇంజన్ మొదటి రోజే పొగ కక్కితే నేను ముందు అడిగేది ఈ గుర్తు గురించే. రింగుల సందులన్నీ ఒకే వరసలో రాకుండా చుట్టూ పంచండి.

బోరు, హోనింగ్ అయ్యాక సిలిండర్లు కడిగే పని మాత్రం ఎవరికీ అప్పజెప్పకండి. పెట్రోల్‌తో తుడిస్తే రాపిడి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేణ్నీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్. తెల్ల గుడ్డ తిప్పితే తెల్లగానే బయటికి వచ్చేదాకా రుద్దండి. మాకు ఐదుసార్లు పట్టింది. ఆరీ ఆరగానే ఆయిల్ పూయాలి, మన ఉక్కపోతకి గంటలో తుప్పు ఎర్రగా లేస్తుంది.

బిగింపు, మొదటి వెయ్యి కిలోమీటర్లు

హెడ్డు నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, మూడు విడతలుగా, టార్క్ పానాతో, మాన్యువల్ చెప్పిన బిగువుకి బిగించండి. ఒకటోసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూడాలి. తర్వాత ట్యాపెట్లు సెట్ చేయడం, రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య సందు 15 థౌ, అంటే 0.38 మి.మీ. దీనికి పాత మెకానిక్కుల తొమ్మిది లెక్క ఒకటి ఉంది. ముందు నుంచి ఎనిమిది వాల్వులకు నంబర్లు వేసుకోండి. ఏ వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉందో దాని నంబరు తొమ్మిదిలోంచి తీసేస్తే సెట్ చేయాల్సిన వాల్వు వస్తుంది. ఎనిమిదోది నొక్కి ఉంటే ఒకటోది, ఆరోది నొక్కి ఉంటే మూడోది. ఫైరింగ్ వరస 1-3-4-2.

రింగులు కొత్తవైతే మొదటిసారి స్టార్ట్ చేసి గంటలు గంటలు ఐడిల్‌లో వదిలేయకండి. పాతకాలం అలవాటు అది, కానీ లోడు లేకుండా తిరిగితే రింగులు గోడకి సరిగ్గా ఒదగక బోరు అద్దంలా నునుపెక్కిపోతుంది, పొగ జీవితాంతం మిగులుతుంది. వేడెక్కగానే రోడ్డెక్కండి. మూడో గేరులో, టాప్‌లో, కొంచెం లోడు పెట్టి లాగించి, కాలు తీసి, మళ్లీ లాగించి. వేగం మార్చుతూ నడపండి, కానీ బాగా గట్టిగా తొక్కొద్దు. ఆయిల్ మామూలు మినరలే. 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి, ఫిల్టర్‌తో సహా. అప్పుడే ట్యాపెట్లు మళ్లీ చూడండి.

పని అంతా సరిగ్గా చేసినా మొదటి కొన్ని రోజులు పొగ వస్తుంది. సైలెన్సర్‌లో ఏళ్లుగా పేరుకున్న ఆయిల్ కాలుతోంది అంతే. రెండు మూడు సార్లు హైవే మీద యాభై అరవై కిలోమీటర్లు ఏకబిగిన వెళ్లొస్తే పోతుంది. మేము గన్నవరం మీదుగా ఏలూరు దాకా రెండుసార్లు తిరిగొచ్చాం, రెండోసారి తిరుగు ప్రయాణానికి వెనక బైకు మీద వస్తున్న మా తమ్ముడు చెయ్యెత్తి "లేదన్నా" అని అరిచాడు.

ఆ తర్వాతే పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్లండి. ఇంత పాత పెట్రోల్ కార్లకు హైడ్రోకార్బన్ పరిమితి 1500 పీపీఎం, కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం. కాలే ఆయిల్ మొదటి అంకెనే పెంచుతుంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి బండి పట్టుకెళ్లే వారం ముందే ఒకసారి చూపించుకుంటే, కార్బురేటర్ సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది.

నా బండి డ్యాష్‌బోర్డు అరలో ఇప్పటికీ ఒక చిన్న నోట్‌బుక్ ఉంది. ఆయిల్ పోసిన తేదీ, మీటర్ రీడింగ్, ఎంత పోశాను, అంతే. చివరి పేజీకి ఆ విరిగిన రబ్బరు రింగు ముక్కలు టేపుతో అంటించి ఉన్నాయి.